మూడు మాటల అప్పగింత

88వ రోజు

ఇది ఆఫీసు లాగ్ కాదు. ఆఫీసు లాగ్ వేరే ఉంది. అది రోజూ రాస్తాను, పనుల మార్పిడి రోజున ఊరి మండలి వాళ్ళు పట్టుకెళ్ళి నీళ్ళలో నానబెట్టి గుజ్జు చేస్తారు. ఆ గుజ్జుతోనే మళ్ళీ కొత్త లాగ్ పుస్తకాలు తయారవుతాయి. అందుకని ఇది విడిగా, పాత ఫారాల వెనకవైపు రాసుకుంటున్నాను. పట్టుబడితే నా ఖర్మ.

నా పేరు నూకరత్నం. ముప్పై తొమ్మిదేళ్ళు. ఈ తేలే ఊళ్ళో, మన నీలివాడలో, ప్రస్తుతానికి మంత్రసానిని. ఎనభై ఎనిమిది రోజుల కిందట లిఫ్టు నడిపేదాన్ని. అంతకుముందు పళ్ళు పీకాను, వలలు అల్లాను, కోర్టులో వాదించాను, బేకరీలో రొట్టెలు కాల్చాను. ఇంకో ఐదు ఉన్నాయి, అన్నీ రాస్తే గొప్పలు పోయినట్టుంటుంది.

గొప్పేం లేదు, ఇక్కడ అందరి సంగతీ ఇదే. వంద రోజులకోసారి పొద్దున్నే తలుపు కింద నుంచి కొత్త పని కాగితం వస్తుంది. నిన్నటి వంటవాడు ఇవాళ ఇంజినీరు. మండలి వాళ్ళకి మాత్రం రెండు వందల రోజులు. కుర్చీ కదా, వేడెక్కడానికి టైం పడుతుంది.

నిజం చెప్పాలంటే మూడేళ్ళ కిందట ఈ చట్టం వచ్చినప్పుడు ఎగిరి గంతేసింది నేనే. అంతకుముందు ఉప్పునీటి కర్మాగారంలో పదహారేళ్ళు ఒకే చక్రం తిప్పాను. కుడివైపుకి. ఆ తర్వాత యంత్రాలొచ్చి మా అందరినీ ఇంట్లో కూచోబెట్టాయి. ఊరంతా ఖాళీగా కూచుని ఒకళ్ళనొకళ్ళు పీక్కు తింటుంటే, అందరికీ అన్ని పనులూ అని మార్పిడి పెట్టారు. నా వరకు అది పండగే. మొదటిసారి రొట్టె పొంగినప్పుడు పిచ్చిదానిలా చప్పట్లు కొట్టాను.

ఒళ్ళు మండేది ఎక్కడంటే, మర్చిపొమ్మంటారు చూడండి, అక్కడ. పాత పనిలో నేర్చింది కొత్త పనిలోకి తేవడం నేరం. దానికి 'పాతచెయ్యి' అని పేరు కూడా పెట్టారు. కొత్త కళ్ళతో చూడాలిట. పదకొండు పనులు చేసినదాన్ని, చెయ్యి చూపించమంటే రోజూ ఖాళీ చెయ్యే చూపించాలి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఇవాళ మా చెల్లి మంగతాయారుకి పొట్ట తడిమి చూశాను. బిడ్డ తల పైన, పక్కటెముకల కింద గుండ్రంగా తగిలింది. ఎదురుకాళ్ళు. నొప్పులు నూట మూడో రోజుకి అటూ ఇటూగా రావాలి. నూరో రోజుకి నేను మంత్రసానిని కాను.

91వ రోజు

బిడ్డ తిరుగుతుందేమోనని మూడు రోజులు చూశాను. మొండిఘటం, తిరగలేదు. వాళ్ళమ్మ పోలికే.

మండలి ఆఫీసుకి వెళ్ళాను. పర్యవేక్షకురాలు కుసుమకుమారి గారు. కుర్చీలోకి వచ్చి మూడు నెలలైంది, అంతకుముందు ఐసు ఫ్యాక్టరీలో చేసేదట. మనిషి మంచిదే కానీ మాట్లాడితే రూల్స్ పుస్తకానికి ప్రాణం వచ్చినట్టుంటుంది.

"ఐదంటే ఐదు రోజులు పొడిగించండమ్మా," అన్నాను. "మా చెల్లి కాన్పు అయిపోగానే ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాను."

"సొంత మనుషులకి మీరే చెయ్యాలనుకోవడం అనుబంధం అండీ. అనుభవం కంటే అది ఇంకా ప్రమాదం."

"పోనీ పరాయి మనిషే అనుకోండి. ఎదురుకాళ్ళ కాన్పు ఎన్నడూ చూడనివాడు ఎలా చేస్తాడు?"

"తాజా కళ్ళతో చూస్తారు."

"చూస్తే బయటికి వస్తుందా బిడ్డ?"

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "నూకరత్నం గారూ, యంత్రం ఉంది కదా."

ఉంది. కాన్పు గదిలో గోడకి ఉంది. తల ముందు వస్తే బాగానే చేస్తుంది, పాపం. కాళ్ళు ముందొస్తే మాత్రం 'మానవ సిబ్బందిని సంప్రదించండి' అని చూపించి ఊరుకుంటుంది. దాన్ని బాగుచేయడం తెలిసినవాడు నిరుడు ఉండేవాడు. ఇప్పుడతను పూలు కడుతున్నాడు.

"యంత్రం మమ్మల్ని అడగమంటుంది, మీరు యంత్రాన్ని అడగమంటారు. మధ్యలో మా చెల్లి ఎవర్ని అడగాలి?" అన్నాను. గొంతు లేచింది. గుమాస్తా తలుపు తీసి నిలబడ్డాడు, నేను బయటికి వచ్చేశాను.

95వ రోజు

ఇక మిగిలింది అప్పగింతే. మార్పిడి రోజున హాల్లో అందరి ముందూ, పాతవాళ్ళు కొత్తవాళ్ళకి మూడంటే మూడు మాటలు చెప్పి పని అప్పగించాలి. అంతకు మించితే కొత్తవాళ్ళకి పాత వాసన అంటుకుంటుందట. కాగితం ఇవ్వకూడదు. హాలు బయట చెప్తే చెప్పినవాళ్ళకీ విన్నవాళ్ళకీ శిక్ష.

జనం ఆ మూడు మాటల్ని ఎలా తగలేస్తారో చూడాలి. నాకు మంత్రసాని పని అప్పగించినావిడ ఏం చెప్పిందో తెలుసా? "పదకొండింటికి టీ వస్తుంది. కుళాయి కారుతుంది. అంతా అమ్మవారి దయ." అంతే. మర్నాడు పొద్దున్నే మొదటి కాన్పు. ఆ తల్లి నొప్పులు పడుతూనే "అలాక్కాదమ్మా, నా నడుం పట్టుకో" అని నాకే నేర్పింది. నాకీ పని నేర్పింది మంచం మీదున్న ఆడవాళ్ళే. ముప్పై నాలుగు కాన్పులు చేశాను, అందులో రెండు ఎదురుకాళ్ళు. మొదటిదాంట్లో తొందరపడి బిడ్డని లాగాను. బిడ్డ బతికింది, నా గొప్పతనం వల్ల కాదు.

నాలుగు రోజులు కూచుని మూడు మాటలు తయారుచేశాను.

బిడ్డని చచ్చినా లాగొద్దు, తల్లి ముక్కితేనే రావాలి. వచ్చేటప్పుడు బిడ్డ వీపు పైకి ఉండేట్టు చూడాలి. తల దగ్గర ఆగితే, ఒకరు పొత్తికడుపు మీద నొక్కుతుంటే ఇంకొకరు గడ్డం ఛాతీకి ఆనేట్టు పట్టి తియ్యాలి.

మంగ భర్త వీర్రాజు ముందు అప్పజెప్పాను. అతనిప్పుడు వాతావరణ అధికారి. పొద్దున్న ఎండ అని చెప్పి, తనే తడిసి వచ్చాడు.

"బావున్నాయి వదినా," అన్నాడు. "కానీ ఆ వచ్చేవాడికి ఇవి గుర్తుంటాయంటావా?"

"ఉండకపోతే నీ పెళ్ళాం మనకి దక్కదు," అనేశాను. అనకుండా ఉండాల్సింది. పాపం, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. కాన్పు గదిలోకి సిబ్బందిని తప్ప ఇంకెవర్నీ రానివ్వరు, అక్కనైనా సరే.

100వ రోజు

నా నోరు పడిపోను! నా నోట్లో మన్ను పడ!

సావధానంగా రాస్తాను. హాలు నిండా జనం. నా పేరు పిలిచారు. కొత్త మంత్రసాని వచ్చాడు. భద్రాచలం అని ఆరడుగుల మనిషి, నిన్నటిదాకా రేవు దగ్గర మైకులో పడవల రాకపోకలు చెప్పేవాడు. చేతిలో మంత్రసానికిచ్చే సబ్బుపెట్టె, మొహం నిండా చెమట. నిలబడ్డచోటే ఊగుతున్నాడు. పడిపోతాడేమో అనిపించింది.

"కూర్చోండి బాబూ, పడిపోతారు," అన్నాను.

"ఒకటి," అన్నాడు గుమాస్తా.

"అయ్యయ్యో, అది కూడా లెక్కేనా?"

"రెండు."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నాలుగు రోజులు తయారుచేసిన మూడింటికి ఒక్కటే చోటు మిగిలింది. లాగొద్దు అని చెప్తే లాగడు సరే, తల దగ్గర ఆగినప్పుడు ఏం చేస్తాడు? తల సంగతి చెప్తే, దానికి ముందే లాగేస్తాడు. ఏ ముక్క తీసినా మిగతా రెండూ లేకుండా పనికిరాదు. ముందు వరసలో మంగ రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని నన్నే చూస్తోంది.

"కాళ్ళు కనబడితే మీరేం ముట్టుకోకుండా నన్ను పిలవండి," అన్నాను.

"మూడు," అన్నాడు గుమాస్తా, ఈసారి కొంచెం మెల్లిగా.

కుసుమకుమారి గారు ఏదో రాసుకుంది. పిలిస్తే పిలిచినవాడిదీ నేరమే, వచ్చినదానిదీ నేరమే. అది ఆ హాల్లో అందరికీ తెలుసు. భద్రాచలం గారు నావంక చూసి తలూపాడు. ఆయనకి అర్థమైందో, భయంతో ఊపాడో తెలీలేదు.

కొత్త 1వ రోజు

నాకొచ్చిన పని ఊరేగింపు బ్యాండులో డోలు. ఇదివరకటి డోలు మనిషి చెప్పిన మూడు మాటలు: "తోలు వైపు కొట్టండి. గట్టిగా కొట్టండి. ఎవరేమన్నా ఆపొద్దు."

కొట్టాను. పక్క షెడ్డులోవాళ్ళు వచ్చి ఏం కూలిందని అడిగారు.

కొత్త 3వ రోజు

పొద్దున పది గంటలు. బ్యాండు సాధనలో ఉన్నాం. ఊరంతటికీ ఉన్న మైకులు ఒక్కసారి గరగరలాడాయి.

"ప్రజలు దయచేసి గమనించాలి. డోలు నూకరత్నం గారు ఎక్కడ ఉన్నా తక్షణం మూడో అంతస్తు కాన్పు గదికి రావాలి. కాళ్ళు కనిపించాయి. మళ్ళీ చెబుతున్నాను, కాళ్ళు కనిపించాయి."

ఏం గొంతండీ! రేవు దగ్గరి గొంతు. మైకు గదిలోకి జొరబడి, తన పాత పని తనే చేసేశాడు ఆ మహానుభావుడు. నేరం చేసేవాళ్ళు చాటుగా చేస్తారు, ఈయన ఊరందరికీ రెండుసార్లు చెప్పి మరీ చేశాడు. నేను డోలు మెడలోంచి తీయడం కూడా మర్చిపోయి పరిగెత్తాను. మెట్ల దగ్గర ఎవరో తీసి పట్టుకున్నారు. లిఫ్టు దగ్గర క్యూ ఉంటే జనం వాళ్ళంతట వాళ్ళే పక్కకి జరిగారు.

గదిలో మంగ మంచం అంచు పట్టుకుని ఉంది. గోడ మీద యంత్రం 'మీ అనుభవాన్ని ఐదు నక్షత్రాలలో తెలపండి' అని అడుగుతోంది. నా వెనకే భద్రాచలం గారు రొప్పుకుంటూ వచ్చి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"నేనేం ముట్టుకోలేదండీ. ఒట్టు," అన్నాడు.

ఆ ముట్టుకోకపోవడమే ఆయన చేసిన మహోపకారం.

"అక్కా, వచ్చావా?" అంది మంగ.

"వచ్చాను. అరవాలనిపిస్తే అరుచుకో. నేను ముక్కమన్నప్పుడు మాత్రం ముక్కు."

పిరుదుల దాకా వచ్చింది. వేడి గుడ్డ చుట్టాను, అంతే, లాగలేదు. చేతులు లాగమని గోల పెడతాయి, ఎవరి చేతులైనా అంతే. పిండిని లాగితే తెగుతుంది, దానంతట అది సాగాలి. బేకరీలో వంద రోజులు తిట్లు తింటే గానీ ఆ ఓర్పు నాకు రాలేదు. వీపు పైకి తిప్పాను. బొడ్డు, ఆ తర్వాత ఒక భుజం, ఇంకో భుజం. తల దగ్గర ఆగింది.

"భద్రాచలం గారూ, రండి. అరచెయ్యి ఇక్కడ. పొత్తికడుపు మీద. కిందికి, స్థిరంగా నొక్కండి."

"ఎంత గట్టిగానండీ?"

"నేను చాలనేదాకా."

నొక్కాడు. నేను బిడ్డని ముంజేతి మీద పడుకోబెట్టుకుని, చెంపల ఎముకల మీద రెండు వేళ్ళు పెట్టి గడ్డం కిందికి వంచాను. ఆ అర నిమిషం ఎంతసేపుందో నాకు తెలీదు. తల వచ్చేసింది. బిడ్డ మాత్రం నీలంగా, మెత్తగా, చప్పుడు లేకుండా ఉంది. నోరు తుడిచాను, వీపు రుద్దాను, చిన్నగా ఊపిరి ఊదాను. మంగ "ఏడవదేంటక్కా?" అంటోంది. మళ్ళీ రుద్దాను. మళ్ళీ ఊదాను. అప్పుడేడ్చింది. ఏడుపు కాదది, తిట్టు. ఆడపిల్ల.

భద్రాచలం గారు అంత మనిషీ నేలమీద కూలబడి గుక్కపట్టి ఏడ్చాడు. నేను బిడ్డని మంగ గుండెల మీద పెట్టి, దాని చెమట తుడుస్తూ నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీకుండా కూచున్నాను. నా జన్మలో అంత సంతోషం ఎరగను. యంత్రం 'కాన్పు విజయవంతం' అని తన ఖాతాలో రాసేసుకుంది.

కొత్త 8వ రోజు

విచారణ. కుసుమకుమారి గారు, గుమాస్తా, ఇంకో ఇద్దరు.

మొదట భద్రాచలం గారిని అడిగారు. మైకు ముట్టుకున్నది పాతచెయ్యి కాదా అన్నారు. "మైకులో చెప్పలేదండీ, భయపడి అరిచాను. అరిచిన చోట మైకు ఉంది," అన్నాడు. అమాయకుడనుకున్నాను, మనిషి గట్టివాడే. హెచ్చరించి వదిలేశారు.

తర్వాత నేను. కుసుమకుమారి గారు నా ముందుకి ఒక కాగితం జరిపింది. నిజానికి నన్ను తప్పించాలనే చూసింది, ఆ మాట రాయకపోతే పాపం.

"కాన్పు యంత్రమే చేసిందని దాని రికార్డులో ఉంది. మీరు గదిలో ఊరికే నిలబడ్డారని, మంత్రసాని పని మీకు గుర్తే లేదని సంతకం పెట్టండి. వెళ్ళిపోవచ్చు."

పెన్ను తీసుకున్నాను. పెట్టేదాన్నే. అప్పుడు తట్టింది: సంతకం పెడితే, ఎదురుకాళ్ళ కాన్పు యంత్రం చేయగలదని రికార్డు అవుతుంది. రేపు ఇంకెవరి చెల్లికో కాళ్ళు ముందొస్తే, యంత్రం ఉందిగా అంటారు.

"పెట్టను. నాకు గుర్తుంది," అన్నాను.

"నూకరత్నం గారూ, ఆలోచించండి."

"అంతా గుర్తుంది. రొట్టె గుర్తుంది, వల గుర్తుంది, పళ్ళు పీకడం గుర్తుంది. పదకొండు పనులూ మీరే ఇచ్చారు, బ్రహ్మాండంగా ఉన్నాయి, ఇంకో పదకొండు ఇచ్చినా చేస్తాను. మర్చిపొమ్మంటే మాత్రం నా వల్ల కాదు. మర్చిపోడానికైతే నేర్పడం దేనికి?"

గుమాస్తా పుస్తకం తెరిచి శిక్ష చదివాడు. శాశ్వతం. అంటే నాకిక మార్పిడి లేదు. పట్టుబడేనాటికి ఏ పనిలో ఉంటే ఆ పనే, చచ్చేదాకా. నాకు డోలు. కుసుమకుమారి గారు సంతకం పెట్టింది, నావంక చూడకుండా.

ఇంటికొచ్చి ఏడ్చాను. పదహారేళ్ళు చక్రం తిప్పినదాన్ని. తలుపు కింద నుంచి కొత్త కాగితం జారే ఆ చప్పుడంటే నాకెంత ఇష్టమో నాకే తెలుసు. అందరి తలుపుల కిందా వస్తుంది, నాకు రాదు. మంగ పిల్లని తెచ్చి నా ఒళ్ళో పడుకోబెట్టింది. అది నామీద ఉచ్చ పోసింది. ఏడుస్తూనే నవ్వాను.

కొత్త 46వ రోజు

ఓ చిత్రం జరుగుతోంది.

ఈ ఊళ్ళో ఏ మనిషీ ఎక్కడుంటాడో తెలీదు. నిరుడు మీ పన్ను బాగుచేసినవాడిని వెతుక్కుంటూ వెళ్తే, ఇప్పుడతను నాచు సాగులో ఉంటాడు. ఒక్క నా చిరునామా మాత్రమే మారదు. డోలు షెడ్డు. పోయేదాకా ఇక్కడే ఉంటానని మండలే బోర్డు మీద రాసి పెట్టింది, జనం చూసి బుద్ధి తెచ్చుకోవాలని. వాళ్ళు చూసి దారి తెలుసుకున్నారు.

మొదట బేకరీ ఆవిడొచ్చింది, పిండి పొంగడం లేదని. తర్వాత వలల మనిషి. నిన్న ఒకాయన దవడ పట్టుకుని వచ్చాడు. పళ్ళ డాక్టరు కాదు, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చినవాడు.

గుమాస్తా ఉరుకుతూ వచ్చాడు, ఇది అక్రమం అంటూ. కోర్టులో వంద రోజులు వాదించినదాన్ని కదా, కూచోబెట్టి అడిగాను. "మూడు మాటల లెక్క ఎవరికి?"

"పని అప్పగించేవాళ్ళకి."

"హాలు బయట మాట్లాడకూడదన్నది?"

"అదీ అప్పగించేవాళ్ళకే."

"నేను ఈ జన్మలో ఎవరికైనా పని అప్పగిస్తానా? మీరేగా శాశ్వతం అన్నారు."

పుస్తకం మొత్తం తిరగేశాడు. దొరకలేదు. వెళ్ళేటప్పుడు మెల్లిగా, "మా ఇంట్లో లిఫ్టు మధ్యలో ఆగిపోతోందండీ," అన్నాడు. చెప్పి పంపించాను.

భద్రాచలం గారు రోజూ మధ్యాహ్నం వస్తాడు. ఇరవై కాన్పులు చేశాడు. డోలు మాత్రం నాకు ఇంకా రాలేదు. జనం ఉన్నంతసేపూ కొట్టనని వాళ్ళు ఇంకా ఎక్కువసేపు కూచుంటున్నారని నా అనుమానం.

మళ్ళీ 1వ రోజు

నిన్న మార్పిడి అయింది. ఆ పొద్దున్నే అందరి తలుపుల కిందా కాగితాలు వచ్చుంటాయి. నిన్నా ఇవాళా అటు చూడకుండా షెడ్డుకి వచ్చేశాను.

గుమ్మంలో కుసుమకుమారి గారు నిలబడి ఉంది. మండలి బట్టలు లేవు. చేతిలో సబ్బుపెట్టె.

"మీరా?" అన్నాను.

"నేనే. మంత్రసాని." సబ్బుపెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నిన్న హాల్లో భద్రాచలం గారు నాకు ఒకే మాట చెప్పారు. డోలు షెడ్డుకి వెళ్ళమని. మిగతా రెండూ వాడుకోనేలేదు."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. వంద రోజుల కోపం ఉంది. "తాజా కళ్ళు ఉన్నాయిగా, వాటితో చూడండి," అందామని నోటిదాకా వచ్చింది. సగం అనేశాను కూడా.

ఆవిడ తల దించుకుంది. "మూడో అంతస్తులో ఒకమ్మాయికి రాత్రి నుంచి నడుం నొప్పిగా ఉందట. ఇవాళో రేపో అంటున్నారు. యంత్రాన్ని అడిగాను. నన్ను సంప్రదించమంది." కళ్ళ నిండా నీళ్ళు. "నాకు భయంగా ఉంది నూకరత్నం గారూ. ఆ పిల్ల నామీద నమ్మకంతో ఉంది. నాకేం తెలీదు."

ఆ మాట ఆ కుర్చీలో ఉండగా అనుంటే ఎంత బావుండేది. అయినా ఎవరికి చెప్పుకోను, మూడో అంతస్తులో ఉన్న పిల్ల ఏం పాపం చేసింది?

డోలు పక్కకి జరిపి చాప వేశాను.

"చేతులు కడుక్కుని రండి. మోచేతుల దాకా. అలాక్కాదు, గోళ్ళ కింద కూడా."

ఆవిడ కడుక్కుని వచ్చి కూచుంది. నేను మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనం గంట కొట్టేసరికి ఆవిడ ఇరవై ప్రశ్నలు అడిగింది. నేనింకా నొప్పులు మొదలైనప్పటి సంగతి దగ్గరే ఉన్నాను.